ఉపగ్రహ చిత్రం మెటాడేటాను నోట్‌ప్యాడ్‌లో చదవగలిగేలా రాసిపెట్టుకోవడం: అంచెలంచెలుగా

సెంటినెల్, ల్యాండ్‌శాట్, రిసోర్స్‌శాట్ చిత్రాలతో కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే: "చిత్రం డౌన్‌లోడ్ చేశాం, మాకు కావాల్సిన చెరువు వరకు కత్తిరించుకున్నాం. దాని వివరాలు ఎక్కడ రాయాలి, ఏమేం రాయాలి?"

ఒకసారి ఒక ప్రాజెక్టు ముగిశాక దాని హార్డ్ డిస్క్ నా చేతికి వచ్చింది. అందులో నలభై దాకా జియోటిఫ్ (భూమి మీద చోటు వివరం కూడా ఉండే చిత్రం) ఫైళ్లున్నాయి. పేర్లు చూస్తే "చెరువు ఫైనల్", "చెరువు ఫైనల్ కొత్తది", "చెరువు ఫైనల్ 2". అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. కానీ ఏ తేదీవో, ఏ ఉపగ్రహానివో, ఆ పిక్సెల్ అంకెలకు అర్థమేమిటో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. చేసినవాళ్లు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. అన్ని నెలల కష్టం అక్కరకు రాకుండా పోయింది.

అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. ఉదాహరణగా హైదరాబాద్ పక్కనున్న హిమాయత్‌సాగర్ వరకు కత్తిరించిన ఒక సెంటినెల్-2 చిత్రాన్ని తీసుకుందాం. చివరికి చిత్రం పక్కనే అదే పేరుతో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. దాన్ని ఇక్కడ జంట ఫైల్ అంటాను.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మీరు కొత్తగా రాయబోయేదానికి ఆధారం చిత్రంతో పాటు వచ్చిన అసలు మెటాడేటా, అంటే చిత్రం గురించిన వివరాలు. ల్యాండ్‌శాట్‌లో అది ఎంటీఎల్ అనే పేరుతో ముగిసే టెక్స్ట్ ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే గుంపులు గుంపులుగా, వరుసకో పేరు, సమానం గుర్తు, విలువ కనిపిస్తాయి. కలెక్షన్ 2 (ల్యాండ్‌శాట్ డేటాను తిరిగి ప్రాసెస్ చేసిన రెండో విడుదల) నుంచి అదే సమాచారం ఎక్స్‌ఎంఎల్, జేసన్ రూపాల్లోనూ వస్తోంది. సెంటినెల్-2లో ఎంటీడీ అని మొదలయ్యే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ చూడండి. అది నోట్‌ప్యాడ్ కంటే బ్రౌజర్‌లో తేలిగ్గా చదవొచ్చు. రిసోర్స్‌శాట్ లిస్-3 (రిసోర్స్‌శాట్‌లోని ఒక కెమెరా) చిత్రాలకు బ్యాండ్ (ఒక్కో రంగు కాంతికి విడి పొర) ఫైళ్ల పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్ ఉంటుంది.

- అసలు మెటాడేటా ఫైల్‌ను తుడిచేయకండి, అందులో ఏమీ మార్చకండి.
- డౌన్‌లోడ్‌లో వచ్చిన ఫైల్ పేరును ఉన్నదున్నట్టు కాపీ చేసి పెట్టుకోండి. ఉపగ్రహం, తేదీ, టైల్ (చిత్రాన్ని ముక్కలుగా కోసి ఇచ్చే చదరం) అన్నీ ఆ పేరులోనే ఉంటాయి.
- ఏ పోర్టల్ నుంచి, ఏ రోజు దించుకున్నారో రాసుకోండి.
- జీడాల్ గానీ క్యూజీఐఎస్ గానీ ఇన్‌స్టాల్ చేసి ఉండాలి. ఇవి ఉపగ్రహ చిత్రాలను, మ్యాపులను తెరిచి పనిచేసే సాఫ్ట్‌వేర్లు, రెండూ ఉచితమే.

2. ఏ ఫార్మాట్‌లో రాయాలి

నా సలహా జేసన్, అంటే ఒక్కో పేరుకు ఒక్కో విలువ రాసే టెక్స్ట్ రూపం. కారణాలు చెబుతాను.

ఎక్స్‌ఎంఎల్ యంత్రానికి బాగుంటుంది, చేత్తో రాయాలంటే విసుగొస్తుంది. సీఎస్‌వీలో ఒకదానిలో ఇంకొకటి ఉండే వివరాలు ఇమడవు. పైగా ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే తేదీల రూపమే మారిపోతుంది.

యామల్ అనే ఇంకో టెక్స్ట్ రూపం చూడ్డానికి అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది. చాలామంది దానికే మొగ్గుతారు. కానీ ఉపగ్రహ చిత్రాల పనిలో అది దొంగదెబ్బ తీస్తుంది. ల్యాండ్‌శాట్ చిత్రాన్ని పాత్, రో అనే రెండు నంబర్లతో గుర్తిస్తారు. హైదరాబాద్ పాత్ 144, రో 048. దానికి సరిగ్గా ఉత్తరాన ఉన్న చిత్రం రో 047. కోట్స్ లేకుండా 047 అని యామల్‌లో రాస్తే, పైథాన్‌లో ఎక్కువమంది వాడే పైయామల్ లైబ్రరీ దాన్ని 39గా చదువుతుంది. ముందు సున్నా ఉంటే అది 8 ఆధారంగా రాసిన సంఖ్య అని పాత యామల్ నియమం. మరి 048? 8 అనే అంకె ఆ పద్ధతిలో లేదు కాబట్టి దాన్ని అక్షరాల వరుసగా వదిలేస్తుంది. పక్కపక్క చిత్రాల్లో ఒకటి సరిగ్గా, ఒకటి తప్పుగా! ఎక్కడా ఎర్రర్ రాదు. ఇలాంటి తప్పును పట్టుకోవడానికి రోజులు పడుతుంది.

జేసన్‌లో ముందు సున్నాతో సంఖ్య రాస్తే ఫైల్ అసలు తెరుచుకోదు. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. నాకు ఆ కచ్చితత్వమే నచ్చుతుంది.

పేర్లు సొంతంగా కనిపెట్టకండి. ఉపగ్రహ చిత్రాల వివరాలకు స్టాక్ అనే ప్రమాణం ఉంది. దాని 1.0.0 వెర్షన్ 2021లో వచ్చింది. అందులో ఒక్కో చిత్రానికి ఒక్కో "ఐటమ్" ఉంటుంది, అది ఒక జియోజేసన్ (చోటు వివరాలున్న జేసన్) ఫైల్. ఆ పేర్లే వాడితే రేపు మీ ఫైళ్లన్నిటినీ ఒక కేటలాగ్‌గా మార్చుకోవడం తేలిక. మొత్తం ప్రమాణాన్ని చదవక్కర్లేదు, కింద ఇచ్చినంత చాలు.

జేసన్‌లో కామెంట్లు రాసే వీలు లేదు. దానికి చివర "గమనికలు" అనే ఒక వరుస పెట్టుకోండి.

3. ముందు పిక్సెల్ అర్థం, తర్వాతే మిగతావి

చాలామంది ఉపగ్రహం పేరుతో, తేదీతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. నేను అన్నిటికన్నా ముందు అడిగేది వేరు: ఒక పిక్సెల్‌లో 2500 అని ఉంటే దాని అర్థమేమిటి?

సెంటినెల్-2 లెవెల్-2ఏ చిత్రంలో భూమి నుంచి వెనక్కి వచ్చిన కాంతి భాగాన్ని (పరావర్తనం) 10000తో గుణించి పూర్ణసంఖ్యగా దాస్తారు. 2022 జనవరి 25 నుంచి ప్రాసెసింగ్ బేస్‌లైన్ (డేటాను చిత్రంగా మార్చే సాఫ్ట్‌వేర్ వెర్షన్) 04.00 అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి విలువకూ 1000 కలిపి దాస్తున్నారు. చదివేటప్పుడు ఆ 1000 మనం తీసేయాలి.

తీసేయకపోతే ఏమవుతుందో లెక్క చూడండి. పచ్చని పొలంలో ఒక పిక్సెల్ ఎరుపు బ్యాండ్‌లో 1500, నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని పరారుణ కాంతి) బ్యాండ్‌లో 3500 అనుకుందాం. ఉన్నదున్నట్టు ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక, రెండు బ్యాండ్ల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది) లెక్కిస్తే 2000ను 5000తో భాగించి 0.40 అంటాం. 1000 తీసేస్తే ఎరుపు 500, రెండోది 2500. ఇప్పుడు 2000ను 3000తో భాగిస్తే 0.67. పొలం అదే, పంట అదే. ఒక్క అంకె రాయకపోవడం వల్ల ఏపుగా ఉన్న పంట సగం ఎండినట్టు కనిపిస్తుంది. 2021, 2023 చిత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లకు ఇది మరీ ప్రమాదం.

ఇక్కడే ఇంకో మెలిక. సెంటినెల్ ఎక్స్‌ఎంఎల్‌లో ఆఫ్‌సెట్ (కలపాల్సిన అంకె) మైనస్ 1000 అని ఉంటుంది, అంటే ముందు కలిపి తర్వాత 10000తో భాగించాలి. స్టాక్‌లో ముందు స్కేల్‌తో గుణించి, తర్వాత ఆఫ్‌సెట్ కలపాలి. అక్కడ స్కేల్ 0.0001, ఆఫ్‌సెట్ మైనస్ 0.1. రెండూ ఒకటే ఫలితమిస్తాయి, కలగాపులగం చేస్తే మాత్రం అంకెలకు అర్థముండదు. అందుకని సూత్రాన్ని కూడా మాటల్లో ఒక వాక్యం రాయండి.

కొన్ని సేవలు ఆ 1000ను ముందే తీసేసి ఇస్తాయి. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో హార్మనైజ్డ్ అని ఉన్న సెంటినెల్-2 సేకరణ అలాంటిదే. అక్కడి నుంచి దించుకున్నదానికి మళ్లీ 1000 తీస్తే ఇంకో తప్పు. కాబట్టి "ఆఫ్‌సెట్ ఇప్పటికే సరిచేశారా: అవును, కాదు" అని విడిగా ఒక వరుస ఉండి తీరాలి.

ల్యాండ్‌శాట్ కలెక్షన్ 2 లెవెల్-2 సంగతీ ఇంతే. ఉపరితల పరావర్తనానికి స్కేల్ 0.0000275, ఆఫ్‌సెట్ మైనస్ 0.2. ఉపరితల ఉష్ణోగ్రతకు స్కేల్ 0.00341802, ఆఫ్‌సెట్ 149, ఫలితం కెల్విన్‌లో వస్తుంది.

ఈ భాగంలో రాయాల్సినవి:

- స్కేల్, ఆఫ్‌సెట్, సూత్రం ఒక వాక్యంలో
- డేటా లేని పిక్సెల్‌కు గుర్తు విలువ, చాలా చిత్రాల్లో ఇది 0
- ఫలితం ప్రమాణం: పరావర్తనమా, కెల్వినా
- ప్రాసెసింగ్ బేస్‌లైన్, కోట్స్ మధ్యలో. కోట్స్ లేకుండా 04.00 అని రాస్తే ముందు సున్నా వల్ల ఫైల్ తెరుచుకోదు, 4.00 అని రాస్తే 4 అయిపోతుంది

4. నమూనా ఫైల్

చదవడానికి వీలుగా పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీ ఫైల్‌లో స్టాక్ ప్రమాణంలో ఉన్నట్టే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాయండి. తేదీ, సమయం, మేఘాల శాతం ఉదాహరణకు వేసినవే. బీబాక్స్ అంటే చిత్రం హద్దులు, జీఎస్‌డీ అంటే నేల మీద ఒక పిక్సెల్ కొలత మీటర్లలో, ఈపీఎస్‌జీ అంటే ప్రొజెక్షన్‌కు (భూమిని చదునైన పటంగా మార్చే పద్ధతికి) ఇచ్చిన నంబర్, క్లిప్ అంటే కత్తిరించిన భాగం, నోడేటా అంటే డేటా లేని పిక్సెల్ గుర్తు.

{
  "టైప్": "ఫీచర్",
  "స్టాక్ వెర్షన్": "1.0.0",
  "ఐడీ": "హిమాయత్‌సాగర్-సెంటినెల్2-20230115-క్లిప్1",
  "బీబాక్స్": [78.30, 17.28, 78.42, 17.36],
  "ప్రాపర్టీస్": {
    "డేట్‌టైమ్": "2023-01-15T05:15:00Z",
    "ప్లాట్‌ఫామ్": "సెంటినెల్-2ఏ",
    "జీఎస్‌డీ": 10,
    "ప్రొజెక్షన్ ఈపీఎస్‌జీ": 32644,
    "ప్రాసెసింగ్ బేస్‌లైన్": "05.09",
    "టైల్ మొత్తం మీద మేఘాల శాతం": 3.2,
    "క్లిప్ మీద మేఘాల శాతం": 0,
    "స్కేల్": 0.0001,
    "ఆఫ్‌సెట్": -0.1,
    "ఆఫ్‌సెట్ ఇప్పటికే సరిచేశారా": false,
    "నోడేటా": 0,
    "గమనికలు": "పరావర్తనం = పిక్సెల్ విలువ × స్కేల్ + ఆఫ్‌సెట్"
  }
}

జాగా కోసం ఇందులో జామెట్రీ (హద్దు గీత), అసెట్స్ (చిత్రం ఫైళ్ల జాబితా), లింక్స్ భాగాలు వదిలేశాను. పూర్తి స్టాక్ ఐటమ్‌లో అవీ ఉండాలి.

మేఘాల శాతం రెండుసార్లు ఎందుకంటే, సెంటినెల్-2 టైల్ దాదాపు 110 కిలోమీటర్ల చదరం. అసలు ఎక్స్‌ఎంఎల్‌లో ఉండే శాతం దానంతటికీ వర్తించేది. టైల్ మొత్తం మీద 3 శాతమే మేఘమున్నా, ఆ ఒక్క మేఘం సరిగ్గా మీ చెరువు మీదే నిలబడి ఉండొచ్చు. కత్తిరించిన భాగానికి మీరే లెక్కించి విడిగా రాయండి.

చేత్తో టైప్ చేయడం వీలైనంత తగ్గించండి. జీడాల్ ఇన్ఫో ఆదేశాన్ని జేసన్ ఎంపికతో నడిపితే హద్దులు, పిక్సెల్ సైజు, ప్రొజెక్షన్ చిత్రం నుంచే వస్తాయి. వాటిని చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో జంట ఫైల్‌లోకి ఎక్కించండి. మీ చేత్తో రాయాల్సింది గమనికలు మాత్రమే.

5. సమయం

చిత్రం తీసిన సమయాన్ని యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం)లోనే రాయాలి, అది యూటీసీ అని తెలిపే జెడ్ అక్షరం చివర ఉండాలి. మన గడియారం నుంచి 5 గంటల 30 నిమిషాలు తీసేస్తే యూటీసీ. సెంటినెల్-2 ఉదయం పూట వెళ్తుంది కాబట్టి 10:45 కాస్తా 05:15 అవుతుంది, తేదీ మారదు.

రాత్రి చిత్రాలతోనే చిక్కు. పంట వ్యర్థాల మంటలు చూడ్డానికి వాడే వీర్స్ పరికరం అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్తుంది. మనకు జనవరి 12 రాత్రి 1:30 అంటే యూటీసీలో జనవరి 11, 20:00. ఒకరు ఇక్కడి తేదీ, ఇంకొకరు యూటీసీ తేదీ రాస్తే ఒకే మంట రెండు రోజుల మంటగా లెక్కలోకి వస్తుంది.

ఇంకొకటి: ల్యాండ్‌శాట్ ఫైల్ పేరులో రెండు తేదీలుంటాయి. మొదటిది చిత్రం తీసిన తేదీ, రెండోది ప్రాసెస్ చేసిన తేదీ. మీకు కావాల్సింది మొదటిది.

6. చోటు

జియోజేసన్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. మనం బడిలో నేర్చుకున్న వరుసకు ఇది తలకిందులు. బీబాక్స్ వరుస పడమర, దక్షిణం, తూర్పు, ఉత్తరం. తారుమారు చేస్తే హైదరాబాద్ చిత్రం 78 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ మంచు దీవుల మీద వాలుతుంది.

ఫైల్ మొదట్లో హద్దులు డిగ్రీల్లో ఉంటాయి. చిత్రం మాత్రం యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసే ప్రొజెక్షన్) మీటర్లలో ఉంటుంది. అందుకే ఈపీఎస్‌జీ నంబర్ తప్పనిసరి. ఇది అందరికీ ఒకటే అనుకోకండి. యూటీఎం జోన్లు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, మళ్లీ 84 దగ్గర మారతాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ 44వ జోన్‌లో ఉన్నాయి, వాటికి 32644. జహీరాబాద్, అనంతపురం 43లో, అంటే 32643. కర్నూలు సరిగ్గా సరిహద్దును ఆనుకుని ఉంది. పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి, అక్కడ 32645. రాష్ట్రమంతటి చెరువుల మీద పనిచేసేవాళ్లు పాత ఫైల్‌ను కాపీ చేసి పేరు మార్చుకునేటప్పుడు ఈ ఒక్క వరుసే మరిచిపోతారు.

చిత్రం పక్కన ఆరు వరుసల వరల్డ్ ఫైల్ ఉంది కదా, చాలదా అని అడుగుతారు. చాలదు. అందులో పిక్సెల్ సైజు, ఒక మూల పిక్సెల్ స్థానం ఉంటాయి కానీ ఏ ప్రొజెక్షనో ఉండదు.

7. బ్యాండ్లు: నంబర్ కాదు, పేరు రాయండి

"బ్యాండ్ 4" అనేది వివరం కాదు. ల్యాండ్‌శాట్ 8, 9లో, సెంటినెల్-2లో అది ఎరుపు. ల్యాండ్‌శాట్ 5, 7లో, లిస్-3లో అదే నంబర్ నియర్ ఇన్‌ఫ్రారెడ్. పైగా మీరు నాలుగు బ్యాండ్లను ఒక జియోటిఫ్‌లో పేర్చుకుంటే ఆ ఫైల్‌లో వాటి నంబర్లు మళ్లీ 1, 2, 3, 4 అవుతాయి.

కాబట్టి ఒక్కో బ్యాండ్‌కు మూడు సంగతులు రాయండి: ఈ ఫైల్‌లో దాని స్థానం, అసలు చిత్రంలో దాని పేరు, రంగు. తరంగదైర్ఘ్యం కూడా రాస్తే ఇంకా మంచిది. సెంటినెల్-2 ఎరుపు సుమారు 665 నానోమీటర్లు, బ్యాండ్ 8 సుమారు 842.

8. మీరేం చేశారో వరుసగా

దించుకున్న తర్వాత చిత్రానికి ఏం జరిగిందో మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. చేసిన క్రమంలోనే, ఒక్కో పనికి ఒక్కో వాక్యం చాలు: "హద్దుల ఫైల్‌తో కత్తిరించాను. మేఘాల వర్గీకరణ పొరను 20 మీటర్ల నుంచి 10కి మార్చాను, పద్ధతి నియరెస్ట్ నైబర్." వాడిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ జతచేయండి.

రీశాంప్లింగ్ (పిక్సెల్ సైజు మార్చడం) పద్ధతి రాయమని గట్టిగా చెబుతున్నాను. వర్గీకరణ పొరను బైలీనియర్‌తో మారిస్తే నీరుకు 6, వృక్షాలకు 4 అనే గుర్తుల మధ్య సగటు తీసి 5 అని పెడుతుంది. 5 అంటే బీడు నేల. చెరువు గట్టు పొడవునా లేని బీడు పుట్టుకొస్తుంది.

9. సేవ్ చేశాక తనిఖీ

- ఫైల్‌ను మూసి, నోట్‌ప్యాడ్‌లో మళ్లీ తెరవండి. తెలుగు ఊరి పేర్లు సరిగ్గా కనిపిస్తున్నాయా? పైథాన్ మామూలుగా ప్రతి తెలుగు అక్షరాన్నీ ఒక కోడ్‌గా మార్చి రాస్తుంది. "హ" బదులు బ్యాక్‌స్లాష్, యు, ఆపైన నాలుగు అంకెలూ అక్షరాలూ కలిసిన కోడ్ కనిపిస్తే, ఎన్‌ష్యూర్ ఆస్కీ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేసి, యూటీఎఫ్-8లో సేవ్ చేయండి.
- పూర్తి ఫైల్‌ను క్యూజీఐఎస్‌లోకి లాగి వదలండి. జియోజేసన్ కాబట్టి చిత్రం హద్దు గీసినట్టు కనిపిస్తుంది. కింద మ్యాప్ పెట్టి అది హిమాయత్‌సాగర్ మీదే ఉందో లేదో చూడండి.
- నీటి మధ్యలో ఒక పిక్సెల్, పచ్చని చెట్ల మీద ఒకటి తీసుకుని, ఫైల్‌లో రాసిన సూత్రంతోనే లెక్కించండి. తేట నీటి మీద నియర్ ఇన్‌ఫ్రారెడ్ పరావర్తనం సున్నాకు దగ్గరగా రావాలి. 0.1 కంటే పైనే వస్తుంటే ముందు ఆఫ్‌సెట్‌ను అనుమానించండి. గుర్రపుడెక్క పరుచుకున్న చోట మాత్రం ఈ పరీక్ష పనిచేయదు.
- చిత్రం ఫైల్‌కు ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి లెక్కించే గుర్తు) తీసి, ఆ 64 అక్షరాలను అసెట్స్ భాగంలో పెట్టండి. కాపీలో ఫైల్ చెడిపోతే దీనితో తెలుస్తుంది.
- పక్క సీటువాళ్లకు జంట ఫైల్ మాత్రమే ఇచ్చి, "ఇది ఏ రోజుది, ఎన్‌డీవీఐ ఎలా లెక్కిస్తావు?" అని అడగండి. వాళ్లు మిమ్మల్ని ఏం అడిగితే అది ఫైల్‌లో లేదని అర్థం.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి మరమ్మతు

చిత్రం పేరు మార్చి జంట ఫైల్ పేరు మార్చకపోవడం. రెండిటికీ ఒకే పేరు, పొడిగింపు మాత్రమే వేరుగా ఉండాలి. పేరు మార్చే పనిని స్క్రిప్ట్‌కే అప్పగించండి.

చివరి వరుస తర్వాత కామా వదిలేయడం. జేసన్ తెరుచుకోకపోతే మొదట చూడాల్సింది ఇదే.

అన్ని చిత్రాల వివరాలూ ఒకే పెద్ద ఫైల్‌లో పెట్టడం. ఒక చిత్రాన్ని ఎవరికైనా పంపితే దాని వివరాలు ఇక్కడే ఉండిపోతాయి. చిత్రానికొక జంట ఫైల్ ఉండాలి.

తెలియని చోట 0 పెట్టడం. మేఘాల శాతం 0 అంటే ఆకాశం నిర్మలంగా ఉందని అర్థం. తెలియకపోతే నల్ (విలువ లేదు) అని రాయండి.

11. మెటాడేటా పోయిన పాత చిత్రాలు ఉంటే

ఆ హార్డ్ డిస్క్‌లోని చిత్రాలకు తర్వాత నేను చేసింది ఇదే. ముందు జీడాల్ ఇన్ఫో నడపండి. పిక్సెల్ 30 మీటర్లుంటే ల్యాండ్‌శాట్ కావచ్చు, 10 అయితే సెంటినెల్-2, 23.5కు దగ్గరగా ఉంటే లిస్-3. ఎవరైనా రీశాంప్లింగ్ చేసి ఉంటే ఇది తప్పుదారి పట్టిస్తుంది, కాబట్టి బ్యాండ్ల సంఖ్యతో సరిపోల్చండి.

తర్వాత పోర్టల్‌లో అదే చోటు చిన్న చిత్రాలను తేదీల వారీగా తిప్పి చూడండి. మేఘాల ఆకారం వేలిముద్ర లాంటిది, ఒక రోజుది ఇంకో రోజు ఉండదు. మేఘం కలిసిందంటే తేదీ దొరికినట్టే. అలా తెలుసుకున్నదాని పక్కన "మేఘాల ఆకారంతో పోల్చి గుర్తించాం" అని గమనికల్లో రాయండి.

తేదీ ఎంతకీ దొరక్కపోతే ఊహించి రాయొద్దు. స్టాక్‌లో దానికి దారి ఉంది: డేట్‌టైమ్‌కు నల్ ఇచ్చి, స్టార్ట్ డేట్‌టైమ్, ఎండ్ డేట్‌టైమ్ అని రెండు హద్దులు ఇవ్వాలి. చిత్రంలో ఒక రోడ్డు పూర్తయి కనిపిస్తోంది, దాని పక్కనున్న లేఅవుట్ ఇంకా మొదలవలేదు అనుకోండి. రోడ్డు పూర్తయిన తేదీ మొదటి హద్దు, లేఅవుట్ పని మొదలైన తేదీ రెండోది. గమనికల్లో ఆ రెండు ఆధారాలూ పేరుపేరునా రాయండి. రేపు ఇంకా మంచి ఆధారం దొరికినవాళ్లు ఆ హద్దులను ఇంకాస్త దగ్గరికి జరుపుతారు.